పేరుల పట్టిక: కవిలె కట్ట మొదలు సెల్‌ఫోను వఱకు

ఒక సంఘమునకు ధనబలమెంత యావశ్యకమో, తనవారెవరు, వారెక్కడ నున్నారు, వారిని పిలుచుట యెట్లు అను ఎఱుక అంతకంటె నావశ్యకము. విద్యార్థి వసతిగృహమునకు విరాళము కోరవలసినపుడు గాని, కన్యకు సంబంధము విచారింపవలసినపుడు గాని, వరదలో చిక్కిన కుటుంబమునకు బియ్యము పంపవలసినపుడు గాని, కార్యకర్త మొట్టమొదట వెదకునది పేరుల పట్టికయే. పట్టిక చెడెనా, సంఘమునకు చేతులున్నను కన్నులు లేనట్లే.

నేడు మనలో ప్రతి గృహస్థుని పట్టికయు రెండుచోట్ల నున్నది. ఒకటి జేబులోని సెల్‌ఫోను, రెండవది ఇంటిలోని కంప్యూటరు. ఈ రెండింటను పేర్లును నంబర్లును ఒక్కతీరుగా నుండునట్లు సరిచూచి కలుపుటను మనవారు సింకు చేయుట యందురు. మాట క్రొత్తదే కాని పని క్రొత్తది కాదు. ఒకే పట్టికకు రెండు ప్రతులున్నపుడు వానిని సరిపుచ్చుట యెట్లు, రెండును భేదించినపుడు దేనిని నమ్మవలెను అను ప్రశ్న మన కృష్ణాతీరమున శతాబ్దములనుండి యున్నది. దానికి మన పెద్దలు చెప్పిన సమాధానమును, నేటి యంత్రము చెప్పు సమాధానమును ప్రక్కప్రక్కన నుంచి చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

కవిలెలు, వంశావళులు

పూర్వము గ్రామమునకు పట్టిక కరణముగారి యింట నుండెడిది. తాటాకులపై గంటముతో వ్రాసిన లెక్కల కట్టకు కవిలె యని పేరు. భూములు, ఈనాములు, దేవాలయములు, ఏలిన ప్రభువులు మొదలగు వృత్తాంతములు గల కవిలెలకు దండకవిలెలని వాడుక. కల్నల్ కాలిన్ మెకంజీ దొరగారు దక్షిణదేశ చరిత్రకై స్థానిక వృత్తాంతములను సేకరింపబూనినపుడు వారికి కుడిభుజమైనవారు ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు. వెంకట బొఱ్ఱయ్యగారు 1803లో చిన్నవయసుననే స్వర్గస్థులు కాగా, తమ్ములు లక్ష్మయ్యగారు ఆ పనిని కొనసాగించిరి. కరణముల యిండ్లలోని కవిలెలు చూచియు, గ్రామవృద్ధుల నడిగియు వ్రాయించిన ఆ వృత్తాంతములే నేడు మనము కైఫియ్యతులని చెప్పుకొనునవి.

కరణము లెక్క ఒక్క గ్రామముననే నిలిచిపోవునది కాదు. కంపెనీవారి నాటనుండి యేటేట జమాబందీ జరిగెడిది. గ్రామపు లెక్కను పై కచ్చేరి లెక్కతో సరిచూచి, హెచ్చుతగ్గులు నిర్ణయించి, ఆ సంవత్సరపు లెక్కను స్థిరపఱచెడివారు. ఇది రెండు ప్రతులను కలుపు కార్యము గాక మఱేమి? అయితే మూడు విశేషములు గమనింపదగినవి. కలుపుటకు ఒక నియతకాలముండెను. భేదము వచ్చినచోట తీర్పు చెప్పుటకు ఒక మనుష్యుడుండెను. క్రొత్తలెక్క కుదిరినంతమాత్రమున పాతలెక్కను కాల్చివేయు ఆచారము లేకుండెను. 1984 జనవరిలో రాష్ట్రప్రభుత్వమువారు కరణపు మునసబు పదవులను రద్దుచేసిరి. పదవులు పోయినను, ఆ మూడు సూత్రములు పోదగినవి కావు.

భూమికి కరణ మెట్లో, వంశమునకు వంశరాజులట్లు. పిచ్చుకగుంట్లవారని పూర్వమును, వంశరాజులని నేడు గౌరవముగను పిలువబడు వీరు తమ పోషకుల యిండ్లకు వచ్చి గోత్రములు, ఇంటిపేర్లు, పూర్వుల కథలు వల్లించెడివారు. క్రిందటి రాకకును ఈ రాకకును మధ్య నా యింట పుట్టినవారిని తమ వల్లెలో చేర్చుకొనెడివారు. అనగా మొత్తము వంశమును మరల మొదటినుండి విచారింపక, మార్పులను మాత్రమే గ్రహించెడివారు. ఈ యుపాయమునే నేటి యంత్రమును అవలంబించుచున్నదని ముందు చూతము.

ఇక భేదించిన ప్రతులను కలుపు విద్యలో మనకు గురుతుల్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర. 1820వ దశకమున మచిలీపట్టణమున ఉద్యోగము చేసిన ఈయన, వేమన పద్యముల వ్రాతప్రతులను పలుచోట్లనుండి తెప్పించి, పండితులచే సరిచూపించి, 1829లో ప్రకటించెను. కడపలో సొంతధనముతో పండితులను లేఖకులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులను సంపాదించి, పాఠభేదములను గుర్తింపించుచు శుద్ధప్రతులను వ్రాయించెను. శిథిలమగుచున్న మెకంజీ సంపుటములకు నకళ్లు వ్రాయించి నిలిపినదియు నీయనయే. ఒక ప్రతిలో లేని పద్యము వేఱొక ప్రతిలో నున్నచో, లేనిదే సరియని కొట్టివేయరాదని బ్రౌను పండితు లెఱుగుదురు. ఈ యెఱుకయే యంత్రమునకు లోపించినది.

డైరీనుండి యంత్రమునకు

టెలిఫోను వచ్చిన తరువాత బెజవాడ వర్తకుని గల్లాపెట్టెలో ఒక చిన్న డైరీ చేరినది. నంబరు మాఱినపుడు పాతదానిని ఒక గీతతో కొట్టి ప్రక్కన క్రొత్తది వ్రాసెడివారు. కొట్టివేసినది కూడ చదువబడుచుండుట ఆ డైరీ యొక్క గొప్పతనము. భారతదేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31వ తేదీన కలకత్తా ఢిల్లీల నడుమ జరిగినది. 2002 అక్టోబరులో భారత సంచార నిగమమువారు సెల్‌ఫోను సేవ నారంభించిన పిమ్మట, డెల్టా గ్రామములలో సయితము అది సామాన్యవస్తువయ్యెను.

ఆనాటి ఫోనులలో పేర్లు సిమ్ము అను చిన్న బిళ్లలో నుండెడివి. సాధారణముగ రెండువందలయేబది పేర్లకు మించి పట్టవు. ఒక పేరు, ఒక నంబరు తప్ప చిరునామాకు చోటు లేదు. దీర్ఘమైన పేరు నడుమ తెగిపోయెడిది. కావున పెద్ద పట్టిక గలవారు దానిని కంప్యూటరులో నుంచి, ఫోనుతో జతపఱుపగోరిరి.

ఈ జతపఱచు విద్య అమెరికా ఐరోపాలలో అప్పటికే మొదలైనది. 1996లో వెలువడిన పామ్ పైలట్ అను చేతిపుస్తక యంత్రమును ఒక పీఠముపై నుంచి మీట నొక్కిన, అందలి పేర్లు కంప్యూటరులోని పేర్లతో సరిపడెడివి. అదే కాలమున ఆపిల్, ఎ.టి. అండ్ టి., ఐ.బి.ఎం., సీమెన్స్ కంపెనీలవారు కూడి, ఒక మనుష్యుని పేరు, చిరునామా, నంబరు వ్రాయుటకు వీకార్డు అను ఒక సామాన్యరూపమును నిర్ణయించిరి. ఇది యంత్రములు చదువుకొను పరిచయపత్రము. అయినను ఒక్కొక్క కంపెనీ ఫోనునకు ఒక్కొక్క ప్రోగ్రాము, ఒక్కొక్క తీగె కావలసి వచ్చుటచే, 2000లో నోకియా, ఎరిక్సన్, మోటరోలా, ఐ.బి.ఎం. మొదలగువారు సింక్ ఎం.ఎల్. అను ఉమ్మడి భాషను కల్పించిరి. 2008లో ఆండ్రాయిడ్ ఫోను వచ్చినది మొదలు తీగె యక్కఱయే తగ్గినది. పేర్లు దూరమందలి గూగుల్‌వంటి ఖాతాలో నుండును. ఫోనును కంప్యూటరును రెండును ఆ ఖాతాతోనే మాటలాడుకొనును. 2011లో కార్డ్‌డావ్ అను పద్ధతి ప్రకటితమగుటతో ఏ కంపెనీ ఖాతాతోనైన ఇట్లు కలిసికొను మార్గ మేర్పడెను.

యంత్రము తీర్పు చెప్పు విధము

మొదటిసారి కలుపునపుడు యంత్రము రెండు పట్టికలను మొదటినుండి తుదివఱకు పోల్చును. పిదప ప్రతిసారియు, క్రిందటి కలయికనాటి గుర్తును చూచి, నాటినుండి మాఱినవానినే గ్రహించును. వంశరాజుల యుపాయ మిదియే. ఒకచోట మాత్రమే మాఱినచో చిక్కులేదు. ఒకే మనుష్యుని వివరములు ఫోనులో ఒకతీరునను కంప్యూటరులో వేఱొకతీరునను మాఱినచో, ఫోనుదే గెలుపు, లేదా కంప్యూటరుదే గెలుపు, లేదా రెండును ఉంచుము అని ముందుగా మనము చెప్పిన నియమమునుబట్టి నడచును. చెప్పకున్న తన నియమమునే పాటించును. సత్యమేదో దానికి తెలియదు. చివర వ్రాసినదెవరో మాత్రమే తెలియును.

మన ప్రాంతమున ఈ చిక్కు అధికము. ఒక్క గ్రామమున వెంకటేశ్వరరావులు నలుగురైదుగు రుందురు. వారిని రైసుమిల్లు వెంకటేశ్వరరావు, కాలువగట్టు వెంకటేశ్వరరావు అని మన మెఱుగుదుము, యంత్ర మెఱుగదు. పేరునుబట్టి కలుపుమన్నచో ఇరువురను ఒక్కనిగా చేయును. నంబరునుబట్టి కలుపుమన్నచో, ముందు సున్న గల నంబరును, తొంబదియొకటి గల అదే నంబరును ఒక్కటియని గుర్తింపలేక, ఒక్కనిని ఇరువురుగా చేయు ప్రోగ్రాములును గలవు. వీకార్డునందు ఇంటిపేరునకు వేఱు గడి, సొంతపేరునకు వేఱు గడి గలవు. ఇంటిపేరు ముందు చెప్పుకొను మనవారు అంతయు ఒకే గడిలో వ్రాయుటచే, ఒక్కొక్క ప్రోగ్రాములో ఇంటిపేరు తోకయై కూర్చుండును.

తెలుగు లిపిలో వ్రాసిన పేర్ల కింకొక కష్టము. 1991లో యూనికోడు మొదటికూర్పులోనే మన లిపికి స్థానము లభించినను, పాత వీకార్డు పద్ధతిలో ఒక్కొక్క తెలుగక్షరము సమానచిహ్నములతో కూడిన అంకెల గొలుసుగా మాఱును. ఆ గొలుసును విప్పలేని ప్రోగ్రాములో సుబ్బమ్మగారి పేరు నెవ్వరును చదువజాలరు. 2011నాటి నాల్గవ కూర్పు ఈ దోషమును తీర్చినది. గాన పట్టికను ఎగుమతి చేయునపుడు క్రొత్త కూర్పునే కోరుకొనుట మేలు.

అన్నింటికంటె ముఖ్యమైనది తుడిచివేత. ఒకచోట పేరు కొట్టివేసిన, కలయికలో రెండవచోటను అది పోవును. బాలుడు ఆటలో తుడిచినను, యజమాని బుద్ధిపూర్వకముగ తుడిచినను యంత్రమునకు సమానమే. కలుపుట వేఱు, భద్రపఱచుట వేఱు. కలిపిన రెండు ప్రతులు రెండు ప్రతులు కావు. ఒకే ప్రతికి రెండు అద్దములు. గూగుల్ ఖాతాలో 30 దినముల లోపల వెనుకటి స్థితికి మఱలు సౌకర్యము కలదు. ఆ గడువు దాటిన పిమ్మట ప్రత్యేకముగ తీసి దాచిన నకలే శరణ్యము. పేర్లు సిమ్ములోనో ఫోనులోనో మాత్రమే నిలిచి, ఖాతాకు చేరనే చేరని యిండ్లును పెక్కు కలవు. ఫోను పోయిన దినమున గాని ఆ సంగతి తెలియదు.

నీరు నేర్పిన పాఠము

డెల్టావారికి నకలు విలువ నీరు నేర్పినది. 1864 నవంబరు 1వ తేదీ యుప్పెనలో మచిలీపట్టణ ప్రాంతమున ముప్పదివేలమంది వఱకు మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో గ్రామములకు గ్రామములే కొట్టుకొనిపోయినవి. మృతులు పదివేలకు పైబడిరి. ఇల్లును, ఇంటనున్న కాగితమును, కాగితములోని పేరు తెలిసిన మనుష్యుడును ఒక్కమారే పోయినపుడు, మిగిలిన బిడ్డకు బంధువు లెవరో చెప్పునది దూరమున నున్న మఱియొక పట్టికయే.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట మొదలగు పేటలు దినములతరబడి నీట నుండెను. మఱునాడు ప్రకాశం బ్యారేజివద్ద కృష్ణాప్రవాహము పదకొండు లక్షల క్యూసెక్కులను మించినది. విద్యుత్తు లేదు. క్రింది అంతస్తులోని కంప్యూటరు నీట మునుగును. మేడమీది మనుష్యుని చేతిలో ఫోనున్నను ఛార్జి యుండదు. ఖాతాలో పేర్లన్నియు క్షేమముగనే యుండును. కాని తోబుట్టువు నంబరు కంఠస్థము లేనివానికి, ప్రక్కింటివాని ఫోను దొరకినను పిలుచు టెట్లు? పది నంబర్లు గల ఒక కాగితపు చీటి యట్టియెడ యంత్రములకంటె నెక్కుడుగ నుపకరించును.

సంఘమునకు విన్నపము

మనవారు నేడు డెల్టాలో మాత్రమే లేరు. 1931లో పూర్తియైన నిజాంసాగరు క్రిందికిని, 1953నాటి తుంగభద్ర ఆనకట్ట క్రింద గంగావతి సింధనూరు ప్రాంతములకును డెల్టా రైతులు తరలిపోయిరి. వారి మనుమలు అమెరికాలో నున్నారు. ఇంత విశాలమైన పట్టికను ఏ ఒక్కరి ఫోనుకో వదలిపెట్టుట క్షేమకరము కాదు. కావున మహాసభవారికిని పోషకమహాశయులకును నాలుగు మాటలు మనవిచేయుచున్నాను.

సంఘపు పట్టికకు ఒక ఖాతా, దానికి జవాబుదారియైన ఒక మనుష్యుడు ఉండవలెను. వార్షిక సభాదినమున శాఖలవారందఱు తమ తమ పట్టికలను తెచ్చి సరిచూచుకొనవలెను. ఇదియే మన జమాబందీ. కలుపుటకు ముందు తేదీ వేసిన నకలు తీసి దాచి, కలిపిన పిదప అచ్చుప్రతి యొకటి విజయవాడలోను, వేఱొకటి వలసవెళ్లిన మనవారి యూరిలోను ఉంచవలెను. సభ్యుల సమ్మతి లేక, ముఖ్యముగ స్త్రీల నంబర్లను, వ్యాపారులకు గాని ఎన్నికల పనివారికి గాని ఈయరాదు. వ్యక్తుల వివరముల రక్షణకై 2023లో పార్లమెంటు చట్టమే చేసియున్నది.

కరణము గంటము, వంశరాజు వల్లె, బ్రౌను పండితుని ఓపిక, ఇవి మూడును ఒకే ధర్మమును బోధించినవి. పేరును వ్రాయువాడు ఆ పేరుగల మనుష్యునికి ఋణపడియుండును. యంత్రము కలుపును. సరియైన దేదో చూచి నిర్ణయించుట మాత్రము మన వంతు. ఈ సంవత్సరము సభనుండి యిల్లు చేరిన వెంటనే ప్రతి గృహస్థుడును తన పట్టికకు ఒక నకలు తీసి, పది ముఖ్యమైన నంబర్లు కాగితముపై వ్రాసి మేడమీద నుంచినచో ఈ శ్రమ సఫలమగును.

స్వస్తి.