సభలో ద్రౌపది యడిగిన ప్రశ్న

ప్రళయకావేరి యొడ్డు మొదలు చిత్తూరు కొండపల్లెల వరకు గల మన సీమలో భారతము చదువురాని యిండ్లకును తెలిసిన కథయే. ధర్మరాజులగుడి యున్న యూళ్లలో సాధారణముగా వేసవియందు భారతోత్సవము జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము; పలుచోట్ల 18 దినములు. అర్జునుడు తపస్సునకై మ్రాను నెక్కునాడు సంతానము గోరు స్త్రీలు దాని మొదట చేరుదురు. కడపటి దినమున మట్టితో చేసి పరుండబెట్టిన దుర్యోధనుని తొడను భీముడు మోదును. ద్రౌపది యా నెత్తుటితో కురులు ముడుచును. సాయంకాలము అగ్నిగుండము, కంకణము గట్టుకొన్నవారు నిప్పులమీద నడతురు.

ఇది మూఢాచారమని త్రోసివేయువారు మా మిత్రులలో గలరు. మే మట్లనము. ఒక యాడుదాని కైన యవమానమునకు ఊరంతయు ఏటేట ప్రతీకారము గోరుట సామాన్యమా? అయినను నెత్తుటితో కురులు ముడుచు కథ వ్యాసభారతమున లేదు. భట్టనారాయణుని వేణీసంహారనాటకమునకు అదియే ప్రాణము.

మూలమున నున్నది వేరు. అది యొక ప్రశ్న. తన్ను సభకు పిలువవచ్చిన ప్రాతికామిని ద్రౌపది వెనుకకు పంపినది. ఆ జూదరి ముందుగా తన్ను తా నోడెనా, లేక నన్నోడెనా, అడిగి రమ్మన్నది. ఇది యేడ్పు గాదు, శాపము గాదు. న్యాయస్థానమున వేయదగిన ప్రశ్న. తన్ను తా నోడినవానికి మరియొకరిపై స్వత్వ మెక్కడిది? భీష్ముడంతటివాడు తడబడెను. సొత్తు లేనివాడు పరుల సొత్తును పణముగా నొడ్డలేడు గాని, భార్య భర్తకు వశురాలు గదా యని రెండువైపులను పలికి, ధర్మము సూక్ష్మమని యూరకుండెను. కౌరవులలో పిన్నవాడగు వికర్ణుడు మాత్రము లేచి, ఆమె ఓడబడలేదని చెప్పెను.

పిమ్మట వలువ లొలుచు ఘట్టము. పుణెలోని భాండార్కరు సంస్థవారు 1919లో మొదలిడి 1966లో ముగించిన సంశోధితప్రతిలో, ద్రౌపది కృష్ణుని మొరపెట్టుకొను శ్లోకములు మూలమున లేవు. భక్తులు నొచ్చుకొన నక్కరలేదు. మా ఫిర్యాదు వేరు: మన కథకులు మొరకు రాత్రి యంతయు నిత్తురు, ప్రశ్నకు రెండు నిమిషములైన నీయరు.

ఆ ప్రశ్నకు సభ బదులు చెప్పనే లేదు. అపశకునములకు జడిసి ధృతరాష్ట్రుడు వరము లిచ్చెను. ప్రతివింధ్యుని ఎవరును దాసపుత్రు డనకుండ ధర్మరాజును విడువుమని మొదటిది. రథములతో, ధనుస్సులతో తక్కిన నలువురను విడువుమని రెండవది. మూడవది వల దన్నది. తనకై యేమియు గోరలేదు. కోరినచో తాను దాసినని యొప్పుకొన్నట్లే గదా!

ఇట్టి స్త్రీని మన యిండ్లలో పతిసేవకు మాదిరిగా మాత్రమే చూపుదురు. అందులకు అరణ్యపర్వములోని సత్యభామాసంవాదము నెత్తుకొందురు. ఆ సంవాదమందే, పాండవుల యాయవ్యయములు తా నొక్కతయే యెరుగుదుననియు, వేలకొలది పరిచారికల పేర్లు, కూడు, గుడ్డ అన్నియు తనకు తెలియుననియు ఆమె చెప్పును. ధనాగారపు లెక్క లామె చేతిలో నుండెను! ఈ ముక్క దాటవేసి తక్కినది చదువుట వాడుకయైనది. ఆడుబిడ్డలకు భారతము వినిపించువారు ఆ భాగమును తుదముట్ట చదువవలెననియు, హరికథకులు సభలోని ప్రశ్నకు ఒక పూటయైన కేటాయింపవలెననియు వేడుచున్నాము.