సైకిలు చక్రంలో విద్యుత్ మోటారు

ఎదురుగాలిలో గాని, ఎత్తుగడ్డమీద గాని సైకిలు తొక్కినవారికి, ఎవరైనా వెనుకనుంచి కాస్త నెట్టితే బాగుండునని అనిపించక మానదు. అందుకోసం కొత్త వాహనం కొనాలా, ఉన్న సైకిలుకే ఏదైనా తగిలించుకొంటే చాలదా అన్న ప్రశ్న నూరేళ్ళకు పైబడినది. దానికి వచ్చిన జవాబులలో మిక్కిలి ముచ్చటైనది ఒకటున్నది. సైకిలు చక్రం ఒకటి ఊడదీసి, మోటారు, బ్యాటరీ, వాటిని అదుపుచేసే పరికరాలు అన్నీ తనలోనే ఇముడ్చుకొన్న మరొక చక్రాన్ని ఆ చోట బిగించడమే ఆ జవాబు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణానికి చెందిన ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన 1895 డిసెంబరు 31వ తేదీన ఒక విద్యుత్ సైకిలుకు పేటెంటు పొందాడు. మోటారును ఆయన వెనుక చక్రపు హబ్బులోనే అమర్చాడు. మోటారు తిరగడమంటే చక్రం తిరగడమే. నడుమ గొలుసు లేదు, పండ్లచక్రాలు లేవు. బ్యాటరీని మాత్రం సైకిలు చట్రం మధ్యలో వేలాడదీశాడు. ఈ సంగతి గుర్తుంచుకోదగినది. 10 వోల్టుల బ్యాటరీ నుంచి 100 ఆంపియర్ల వరకు ప్రవాహం తీసుకొనే మోటారు అది. గుణిస్తే 1000 వాట్లు, అనగా ఒక అశ్వశక్తి కంటె ఎక్కువే. అయితే ఆనాటి సీసపు బ్యాటరీలకు బరువెక్కువ, నిలవచేసే శక్తి తక్కువ. అందుచేత ఈ ఊహ చాలాకాలం కాగితాలకే పరిమితమయింది.

అన్నిటినీ ఒకే చక్రంలో కూర్చే పని మొదట నెరవేరినది విద్యుత్తుతో కాదు, పెట్రోలుతో. ఇంగ్లండులో కోవెంట్రీ నగరవాసులు పెర్క్స్, బర్చ్ అనేవారు 1899లో ఇంజను, పెట్రోలు తొట్టి, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో సహా సర్వమూ చక్రం లోపలనే ఇమిడ్చారు. మరుసటి సంవత్సరం ఆ హక్కులను సింగర్ సైకిలు కంపెనీ కొన్నది. మళ్ళీ 1950లో అదే దేశంలో ‘సైకిల్ మాస్టర్’ అనే చక్రం వచ్చింది. మామూలు సైకిలు వెనుక చక్రాన్ని తీసి దీనిని బిగిస్తే చాలు, సైకిలు మోటారుబండి అయ్యేది. దాని ఇంజను పరిమాణం మొదట 25.7 ఘనసెంటీమీటర్లు, తర్వాత 32కు పెంచారు. యుద్ధానంతరపు ఇబ్బందుల్లో కారు కొనలేనివారికి అది బాగా ఉపయోగపడింది. చప్పుడు, పొగ, చమురు మరకలు మాత్రం వెంట వచ్చేవి.

విద్యుత్ చక్రానికి దారి తీసినవి రెండు పరిశోధనలు. 1980ల తొలి సంవత్సరాలలో జపాను, అమెరికాలలో నియోడిమియం అయస్కాంతాలు తయారయినాయి. వీటివల్ల చిన్న మోటారుకే పెద్ద బలం వచ్చింది. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని అంగడిలో పెట్టింది. సీసపు బ్యాటరీ కిలోకు సుమారు 30, 40 వాట్‌గంటలు నిలవచేస్తే, నేటి లిథియం ఘటాలు 150కి పైగా నిలవచేస్తాయి.

సైకిలుకు కావలసిన శక్తి ఎంతో విద్యార్థులు తామే లెక్క కట్టవచ్చును. మనిషి, సైకిలు కలిసి 100 కిలోలనుకొందాం. నూటికి 5 వంతుల వాలు ఎక్కడానికి 100 × 9.8 × 0.05, అంటే 49 న్యూటన్ల బలం కావాలి. వేగం గంటకు 15 కిలోమీటర్లయితే 204 వాట్లు. గాలి అడ్డు వేరే. సామాన్యుడు ఒక గంటసేపు ఆగకుండా ఇవ్వగలిగినది 100 వాట్లకు అటూ ఇటూ. తక్కిన భాగానికి 250 వాట్ల మోటారు చాలునన్నమాట.

ఈ ఆధారాలతో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కార్లో రట్టి నాయకత్వాన ఉన్న పరిశోధనశాల ‘కోపెన్‌హేగన్ చక్రా’న్ని రూపొందించింది. 2009 డిసెంబరులో, డెన్మార్కు రాజధానిలో వాతావరణ మహాసభ జరుగుతుండగా దానిని ప్రదర్శించారు. ఎర్రని పెద్ద పళ్ళెంవంటి హబ్బు. అందులో మోటారు, బ్యాటరీ, తొక్కే బలాన్ని కొలిచే సాధనాలు. పైకి ఒక్క తీగైనా కనబడదు. దీనిని తయారుచేసి అమ్మడానికి 2013లో సూపర్‌పెడెస్ట్రియన్ అనే కంపెనీ వెలసింది. 2017 నాటికి చక్రం కొనుగోలుదారుల చేతికి వచ్చింది. వెల 1,499 డాలర్లు, బరువు సుమారు ఏడున్నర కిలోలు, బ్యాటరీలో 279 వాట్‌గంటలు.

సుగుణాలు స్పష్టమే. చట్రానికి రంధ్రం పెట్టనక్కరలేదు. హ్యాండిలు నుంచి వెనుక చక్రం వరకు తీగలు లాగనక్కరలేదు. పాత చక్రాన్ని దాచుకొంటే ఎప్పుడు కావాలన్నా మామూలు సైకిలే. తొక్కేవాడు ఎంత బలంగా తొక్కితే మోటారు అంత సాయం చేస్తుంది.

ఆగేటప్పుడు పోయే శక్తిని తిరిగి బ్యాటరీకి చేర్చగలదన్న గుణాన్ని ప్రకటనలు గొప్పగా చాటాయి. ఇదీ లెక్కకు అందేదే. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే ఆ 100 కిలోల చలనశక్తి సుమారు 1,540 జౌళ్ళు, అనగా 0.43 వాట్‌గంట. అందులో సగం దక్కిందనుకొన్నా, బ్యాటరీలో నూటికి ఒక వంతు నిండడానికి పదమూడు మార్లు ఆగాలి! నూరు మీటర్ల కొండ దిగితే 27 వాట్‌గంటలు వస్తాయి. సగం దక్కినా అది చెప్పుకోదగినదే. కొండ ఊళ్ళలో లాభమున్నది, సమతల నగరంలో అది పేరుకు మాత్రమే.

ఇక చిక్కులు. బ్యాటరీ నింపాలంటే దానినొక్కదాన్ని ఇంట్లోకి తీసుకుపోయే వీలు లేదు; చక్రాన్ని, అంటే సైకిలునే ప్లగ్గు దగ్గరకు చేర్చాలి. మేడమీద కాపురముండేవారి అవస్థ ఊహించవచ్చును. చక్రం కొలతలు కూడా కలవాలి. ఇది 26 అంగుళాల, 700సి రిమ్ములతో వచ్చింది. మన ఊళ్ళలోని 28 అంగుళాల పాతకాలపు సైకిలు రిమ్ము వేరు, దాని కడ్డీబ్రేకులు వేరు. మోటారు వేడి, రోడ్డు కుదుపులు రెండూ పక్కనే ఉన్న బ్యాటరీకి తగులుతాయి. లిథియం ఘటాలకు వేడి గిట్టదు.

అసలు లోపం ఇంకొకటి. బ్రష్షులు లేని మోటారులో అరిగేవి దాదాపు బేరింగులే. అది ఏళ్ళతరబడి పనిచేస్తుంది. బ్యాటరీ కొన్ని వందలసార్లు నింపేసరికి బలహీనపడుతుంది. ముందుగా చచ్చేదానిని, చాలాకాలం బ్రతికేదానితో ఒకే డబ్బాలో బంధించడం ఈ చక్రంలోని పొరపాటు. పైగా దానిని నడపడానికి చేతిఫోనులోని యాప్ కూడా కావాలి. కంపెనీ తర్వాత అద్దె స్కూటర్ల వ్యాపారానికి మళ్ళి, 2023 చివర మూతపడింది. సైకిల్ మాస్టర్ ఇంజను చెడితే మెకానిక్కు విప్పి చూడగలిగేవాడు. ఈ చక్రం విషయంలో విడిభాగాలిచ్చేవారు, యాప్‌ను సరిచేసేవారు ఒక్కరే. వారు పోయిన తర్వాత మంచి మోటారు ఉన్నా చక్రం బరువుగా మిగలవచ్చును.

నేడు విరివిగా దొరికే హబ్బు మోటారు సైకిళ్ళు ఒక విధంగా బోల్టన్ దగ్గరికే వెళ్ళాయి: మోటారు చక్రంలో, బ్యాటరీ చట్రంమీద. ఇటువంటి తేలిక వాహనాల బ్యాటరీని, అందులోని ఘటాలను సైతం, బయటి నిపుణులు విప్పి మార్చగలిగేట్లు తయారుచేయాలని ఐరోపా సమాఖ్య 2023లో శాసనం చేసి, 2027 ఫిబ్రవరి 18వ తేదీని దాని అమలుకు నిర్ణయించింది.