వీధి కాలవ ఎక్కడికి పోతోంది? చెరువు పక్క ఊళ్ళ మురుగునీటి కథ



పొదుపు, అప్పులు, వాయిదాల లెక్కలతో పాటు ఈసారి మురుగునీటి గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకుందాం. ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా మన రెండు జిల్లాల్లో చెరువో, బందో, గెడ్డో లేని ఊరు బహు తక్కువ. గిన్నెలు తోమిన నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు, స్నానాల నీళ్ళు అన్నీ వీధి కాలవలో పడతాయి. కాలవ పల్లం చూసుకుని పోతుంది. చాలా ఊళ్ళలో ఆ పల్లంలో ఉండేది చెరువే.

విజయనగరం పెద్దచెరువునే చూడండి. పైడితల్లి అమ్మవారి విగ్రహం ఆ చెరువులోనే దొరికిందని మనందరం చెప్పుకుంటాం. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అటువంటి చెరువులోకి కూడా పట్టణం మురుగు చేరింది.

మురుగులోని సబ్బు, పెంట గుర్రపుడెక్కకి ఎరువవుతాయి. డెక్క నీటిని కప్పేస్తే లోపల గాలి, వెలుతురు అందక చేపలు చస్తాయి. నిలవ మురుగులో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. బోదకాలు ఒకరి నుంచి ఒకరికి అంటించేది ఆ దోమే. బోదకాలు మన రెండు జిల్లాలకీ పాత శత్రువు. దాని కోసం దేశంలో 1955లోనే ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. మాత్రలు మింగడం మంచిదే. దోమ పుట్టే కాలవని వదిలేస్తే మాత్రం ఆ పని సగమే అవుతుంది.

పాత రోజుల్లో ఎలా ఉండేది

మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో కుడిమరామత్తు అనే పద్ధతి ఉండేది. వానలకి ముందు రైతులంతా కలిసి చెరువు పూడిక తీసేవారు, కాలవలు బాగుచేసేవారు. ఇంటికింత పని అని వంతు. ఆ పద్ధతి నిలబెట్టడానికి 1858లో ప్రభుత్వం చట్టం కూడా చేసింది. తరవాత చెరువులు క్రమంగా సర్కారు శాఖల చేతిలోకి పోయాయి, ఊరి వంతు చెదిరిపోయింది.

అలాగని పాతదంతా బంగారం కాదు. ఆ వంతుల మాటల్లో ఆడవాళ్ళకి చోటు లేదు. పెంట ఎత్తే పని కొన్ని కులాల నెత్తినే పెట్టారు. ఆ అన్యాయాన్ని ఆపడానికి 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం రావలసివచ్చింది. రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు గొట్టంలోకి దించడం ఇవాళ నేరం. కాబట్టి పాత వంతు నుంచి మనం తీసుకోవలసింది ఒక్కటే, అందరి నీళ్ళకి అందరిదీ బాధ్యత అన్న మాట.

పక్క జిల్లా గంజాంలో

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలోనే ఉండేది. ఆ గంజాంలో, బరంపురం దగ్గర మొహుదాలో, గ్రామ వికాస్ అనే సంస్థ 1979 నుంచి పనిచేస్తోంది. 1992లో వాళ్ళు ఐదు ఊళ్ళలో ఒక పని మొదలుపెట్టారు. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాల గది, ఇంట్లోకే కుళాయి నీళ్ళు.

వాళ్ళ షరతు ఒకటే. ఒక్క ఇల్లు మిగిలినా పని మొదలవదు. పెద్దవీధి వాళ్ళు ఒప్పుకుని చివరి వాడవాళ్ళు మిగిలిపోతే కుదరదు. ఎందుకంటే ఒక ఇంటి మురుగు చాలు, అందరి నీళ్ళూ పాడవడానికి. ఇంటికి సగటున 1000 రూపాయల చొప్పున ఊరి నిధి కూడబెట్టాలి. ఉన్నవాళ్ళు ఎక్కువ, లేనివాళ్ళు తక్కువ వేస్తారు. అసలు ముట్టుకోరు. రేపు ఊళ్ళో కొత్త కాపురం పెట్టినవాళ్ళకి మరుగుదొడ్డి కట్టుకోడానికి వడ్డీలోంచి సాయం చేస్తారు. ఊరి సభలో ప్రతి ఇంటి నుంచి మగవాళ్ళు ఒకరు, ఆడవాళ్ళు ఒకరు సభ్యులు. నడిపే ఖర్చుకి నెలనెలా చందా వేసుకుంటారు. కొన్ని ఊళ్ళలో చెరువులో చేపలు పెంచి ఆ డబ్బు కూడా ఇందుకే వాడతారు. చెరువు బాగుంటే చేప, చేప ఉంటే కుళాయికి ఖర్చు!

దూరాన కరాచీలో

పాకిస్తాన్‌లోని కరాచీలో ఒరంగీ అనే పేదల బస్తీ ఉంది. అక్కడ 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే పెద్దాయన ఒరంగీ పైలట్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. వీధిలోని ఇరవై ముప్పై ఇళ్ళవాళ్ళు ఒకచోట కూర్చుని ఒక పెద్దని ఎన్నుకుంటారు. డబ్బులు వాళ్ళే వేసుకుని, భూమి కింద మురుగు గొట్టం వాళ్ళే వేసుకుంటారు. కొలతలు, పటం, సలహా సంస్థ ఇస్తుంది. సర్కారు కాంట్రాక్టుకయ్యే ఖర్చులో కొద్దిపాటితోనే పని అయిపోయింది.

అయితే వీధి గొట్టాల్లో చాలా భాగం పక్కనున్న వాగుల్లోకే తెరుచుకున్నాయి. వీధి శుభ్రమైంది, వాగు మురుగైంది. అప్పుడు వాళ్ళు వాగులన్నిటికీ పటాలు గీసి, ఆ పెద్ద కాలవల పని మీదేనని ప్రభుత్వాన్ని పట్టుబట్టారు. ఇల్లు, వీధి మన పని. ఊరు దాటిన పెద్ద కాలవ, శుద్ధి చేసే ఏర్పాటు ప్రభుత్వం పని. రెండిట్లో ఏది ఆగినా మురుగు పోయేది చెరువులోకే.

మన సంఘాల చేతిలో ఏముంది

2000 సంవత్సరంలో వెలుగు పథకం ఆరు జిల్లాల్లో మొదలైతే, అందులో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అందరూ సభ్యులవడం, నెలనెలా డబ్బు కట్టడం, లెక్క అందరి ముందూ చదవడం, తీర్మానం రాయడం మనకి ఇరవై ఏళ్ళు దాటిన అలవాటు. గంజాంలో ఊరి నిధిని నిలబెట్టింది కూడా ఇటువంటి అలవాటే.

ముందు వంటింటి నీళ్ళు, స్నానాల నీళ్ళు ఇంటి దగ్గరే ఇంకుడు గుంతలోకో, అరటి మొక్కకో మళ్ళించాలి. అప్పుడు కాలవకి పోయేది సగానికి సగం తగ్గుతుంది. మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి మేలు. ఒకటి నిండాక రెండోదానికి మార్చి, మొదటిది ఏడాది పైగా మూసి ఉంచితే పెంట మట్టిలా మారుతుంది. తాగునీటి బావికి మాత్రం ఈ గుంతలు దూరంగా ఉండాలి. సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని వీధి కాలవలోకి వదలడం ఏ ఇంటికీ తగదు.

ఆపైన పంచాయతీని అడగాలి. 2021 నుంచి 2026 దాకా పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చే నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించారు. ఆ డబ్బు మన వీధికి ఎంత వచ్చిందో గ్రామసభలో అడగడం మన హక్కు.

వచ్చే గ్రామ సంఘం సమావేశంలో ఒక తెల్లకాగితం మీద మన ఊరి కాలవలన్నీ గీయండి. ఎవరి ఇంటి దగ్గర మొదలై ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. చివరి వాడ అక్కచెల్లెళ్ళని తప్పకుండా పిలవండి, నీళ్ళు నిలిచేది వాళ్ళ గుమ్మం ముందే. కాలవ ఎవరు చూడాలి, నెలకి ఇంటికెంత, ఎప్పుడు తీయించాలి, తీసేవాళ్ళకి చేతి తొడుగులు, బూట్లు, తగిన కూలీ ఎవరిస్తారు, ఈ నాలుగూ తేల్చి మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టండి.