చిక్కు తీసే చుక్క

మా ఇంట్లో ఒక షిట్జు కుక్క ఉంది. వారం రోజులు దువ్వెన పట్టకపోతే చెవుల వెనక చింతపిక్కంత ఉండలు తేలతాయి. స్నానం చేయిస్తే వదులవుతాయి కదా అని ఒకసారి చేయించాను. ఆరేసరికి ఆ ఉండలు రాయిలా బిగిసి, చివరికి కత్తెరకే లొంగాయి. కుక్కకు ముందు చిక్కు తీయాలి, నీళ్లు తర్వాత.

మరి పొడి జుట్టును దేనితో విడదీయాలి? ఇప్పుడైతే షాపుల్లో ‘నేచురల్’ అని రాసిన స్ప్రే సీసాలున్నాయి. వాటి ముత్తాతల కోసం వెతుకుతూ పోయి ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఆగాను. అది ఉన్ని ఊరు. రెండు వందల ఏళ్ల కిందట అక్కడ వేలమంది చేత్తో ఉన్ని దువ్వి బతికేవారు. ఇనుప పళ్ల దువ్వెనను కాచి, ఉన్నికి నూనె పట్టించి మరీ దువ్వేవారు. నూనె లేకుండా లాగితే పోగు తెగుతుంది. 1825లో నెలల తరబడి సమ్మె చేసి ఓడిపోయారు పాపం. తర్వాత ఆ పనిని యంత్రాలు లాగేసుకున్నాయి.

ఆ ఊళ్లోనే మేరీ ఆన్ ఫోస్టర్ అనే ఆవిడ దగ్గర హడర్స్‌ఫీల్డ్ బెన్ అనే కుక్క ఉండేది. 1865లో పుట్టి, 1871లో గుర్రబ్బండి కింద పడి చచ్చిపోయింది. ఆరేళ్ల బతుకులోనే యార్క్‌షైర్ టెర్రియర్ జాతికి మూలపురుషుడైంది! నేలను తాకే పట్టులాంటి జుట్టే ఆ జాతి ఆస్తి. ప్రదర్శనకు పెంచే వాటికి ఒళ్లంతా నూనె పట్టించి, జుట్టును పాయలు పాయలుగా కాగితాల్లో చుట్టేవారు. గోక్కుని తెంపుకోకుండా వెనక కాళ్లకు మేజోళ్లు తొడిగేవారు. ఉన్ని ఊరివాళ్లకు నూనె గుణం ఒకరు నేర్పాలా? మన అమ్మమ్మలకు మాత్రం ఎవరు నేర్పారు!

నూనెతో వచ్చిన పేచీ జిడ్డు. దుమ్ము పట్టేస్తుంది, సోఫాకు అంటుతుంది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో సిలికోన్ వచ్చి ఆ పేచీ తీర్చింది. వెంట్రుకకు పలచని జారుడు పూత వేస్తుంది, జిడ్డుండదు. పిల్లల తలలకూ, గుర్రాల తోకలకూ, కుక్కలకూ అదే మందైంది. కాకపోతే కుక్క తన ఒంటిని తానే నాకుతుంది. ఒంటికి పూసింది కడుపులోకి పోతుంది. ‘నేచురల్’ మీద మోజుకు అసలు కారణం ఇదేనని నా లెక్క. అందుకే కలబంద గుజ్జు, అవిసె గింజల జిగురు, గ్లిజరిన్ సీసాల్లోకి వచ్చాయి. మందారాకు నలిపితే వచ్చే జిగురు చేసే పనే ఇవీ చేస్తాయి. అలాగని చెట్టు నుంచి వచ్చిందల్లా మంచిది కాదు. టీ ట్రీ నూనె చెట్టుదే, కుక్క ఒంట్లోకి పోతే వణుకు పుడుతుంది, నడక తూలుతుంది.

నిన్న సాయంత్రం మా దాని చెవి వెనక స్ప్రే రెండుసార్లు కొట్టి, ఉండను వేళ్లతో నాలుగు పాయలు చేశాను. చర్మం లాగకుండా కుదురు దగ్గర పట్టుకుని, కొసల నుంచి పైకి దువ్వాను. దువ్వెనకు బూడిదరంగు నూగు గుప్పెడు వచ్చింది. పని అయ్యేదాకా అది నా బొటనవేలు నాకుతూనే ఉంది.