సంఘం రేడియో

సంఘం రేడియో సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలం మాచనూరులో ఉన్న సామాజిక రేడియో కేంద్రం. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారాలు మొదలుపెట్టింది. మన దేశంలో విద్యాసంస్థలకు బయట, ఒక స్వచ్ఛంద సంస్థ పేరున అనుమతి తెచ్చుకుని మొదలైన తొలి సామాజిక రేడియోగా దీనికి గుర్తింపు ఉంది. వెనకున్న సంస్థ జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అందరూ పిలిచే పేరు డీడీఎస్. నడిపేది మాత్రం ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది దళిత రైతులు. స్థానిక రేడియో అనగానే ఊరి కబుర్లు, నిపుణులతో ముచ్చట గుర్తుకొస్తాయి. ఈ రెండూ ఇక్కడా ఉన్నాయి. అయితే నిపుణుడంటే ఎవరన్న దగ్గర మాచనూరు తన దారి తాను వేసుకుంది.

అంతకు ముందున్న దారి ఆకాశవాణిది. హైదరాబాదులో డెక్కన్ రేడియోను నిజాం ప్రభుత్వం 1935లో చేతిలోకి తీసుకుంది, 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున్నే రేడియో పెట్టి, పొయ్యి దగ్గర పని చేసుకుంటూ వార్తలూ వ్యవసాయ సలహాలూ వినడం రెండు మూడు తరాల తెలుగు ఇళ్ళకు అలవాటు. పల్లెల కోసం రేడియోను మరో తీరుగా వాడే ప్రయత్నం 1956లో పుణె చుట్టుపక్కల జిల్లాల్లో జరిగింది. యునెస్కో తోడ్పాటుతో 144 ఊళ్ళలో శ్రోతల బృందాలు పెట్టారు. వారానికి రెండుసార్లు అందరూ ఒకచోట చేరి వినాలి, విన్నదాని మీద చర్చించాలి, సందేహాలు కేంద్రానికి రాసి పంపాలి. 1966 నుంచి ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయదారుల కోసం ప్రత్యేక విభాగాలు వచ్చాయి. వాటి మేలు చిన్నది కాదు. తంజావూరు వైపు ఒక కొత్త వరి వంగడం రేడియో ద్వారానే రైతులకు చేరి, దానికి రేడియో వరి అన్న పేరే స్థిరపడింది. అయినా స్టూడియోలో కూర్చున్నది అధికారి, శాస్త్రవేత్త. పొలంలో ఉన్నవాడి వంతు వినడం, మహా అయితే ఉత్తరం రాయడం. రైతు భార్య వంతు అదీ లేదు.

జహీరాబాద్ ప్రాంతం మెట్ట. వానను నమ్ముకున్న సాగు. 1983లో ఇక్కడ పని మొదలుపెట్టిన డీడీఎస్ ఊరూరా ఆడవాళ్ళ సంఘాలు పెట్టించింది. అవి సుమారు 75 ఊళ్ళకు, 5 వేల మంది సభ్యులకు పెరిగాయి. బీడు పడ్డ భూములు సాగులోకి వచ్చాయి. జొన్న, కొర్ర, సామ, తైద మళ్ళీ గిన్నెలోకి వచ్చాయి. సంస్థ స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ మైసూరు మనిషి, అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాత. 1975-76లో ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని 2,400 ఊళ్ళకు టీవీ కార్యక్రమాలు చేర్చిన ప్రయోగంలో ఆయన పనిచేశారు. ఊరికి చెప్పడం ఎలాగో ఆయనకు తెలుసు. ఊరు చెప్పేది వినాలన్న పట్టుదల ఆ అనుభవంలోంచే వచ్చి ఉంటుందనిపిస్తుంది.

ఈ సంఘాల్లో విత్తనం దాచే పద్ధతి చూస్తే ఇక్కడ నిపుణులెవరో తెలుస్తుంది. వెదురు బుట్టకు మట్టీ పేడా కలిపి మెత్తి ఎండబెడతారు. బాగా ఎండిన గింజలో పొయ్యి బూడిద, వేపాకు కలిపి అందులో పోస్తారు. పైన గడ్డి పరిచి, మూతిని మళ్ళీ పేడమట్టితో అలికి మూసేస్తారు. ఏ గింజకు ఎంత ఎండ కావాలి, ఏ కంకి విత్తనానికి పనికొస్తుంది, ఏది తిండికే పనికొస్తుంది, ఇదంతా ఇంట్లో అత్త నుంచి కోడలికి చేతి మీదుగా వచ్చిన విద్య. చదువురాని పెద్దమ్మ దీని గురించి అరగంట ఆగకుండా చెప్పగలదు. నల్లరేగడిలో చలికాలపు మంచుకే పండే వాటిని అక్కడివాళ్ళు సత్యం పంటలంటారు. విత్తకుండానే చేలో మొలిచే జొన్నచెంచలి, దొగ్గలి లాంటి కూరాకుల పేర్లు, అవి ఎవరికి ఏ జబ్బులో పెట్టాలన్న సంగతి కూడా వాళ్ళ నోటనే వినాలి. సంఘం రేడియోలో నిపుణులతో ముచ్చట అంటే ఇదే.

1998లో యునెస్కో సాయంతో మాచనూరులో స్టూడియో సిద్ధమైంది. పరికరాలు వచ్చాయి. రికార్డు చేయడం, కత్తిరించి అతకడం ఊరి అమ్మాయిలు నేర్చుకున్నారు. అనుమతి మాత్రం రాలేదు. చట్టం ప్రకారం రేడియో పెట్టే హక్కు అప్పటికి ప్రభుత్వానిదీ, ఆపైన వేలం పాడుకున్న వ్యాపార సంస్థలదీ. దాంతో ఈ ఆడవాళ్ళు పదేళ్ళపాటు గాలిలోకి వెళ్ళని రేడియో నడిపారు. పాటలు, పంటల ముచ్చట్లు, మంత్రసానుల మాటలు, నాట్లప్పటి కబుర్లు క్యాసెట్లకు ఎక్కించి, సంఘం కూడిన రాత్రుల్లో టేపు రికార్డరు పెట్టి వినిపించారు. ప్రసారమవుతుందో లేదో తెలియని పనిని పదేళ్ళు చేయడం ఎంత ఓపికో ఆలోచించాలి. నా మటుకు ఈ రేడియో చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే. ఇలాంటి అవస్థే కర్ణాటకలో కోలారు జిల్లా బూదికోటలోనూ ఉండేది. అక్కడి నమ్మ ధ్వని బృందం అనుమతి లేక, కేబుల్ తీగ ద్వారా ఇళ్ళకు కార్యక్రమాలు పంపింది.

అనుమతి కోసం పోరాడేవాళ్ళకు ఆధారంగా నిలిచింది 1995 ఫిబ్రవరి 9 నాటి సుప్రీంకోర్టు తీర్పు. బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చారు. తీర్పు వచ్చింది గానీ ప్రజల చేతికి తరంగాలు రావడానికి ఇంకో దశాబ్దం పైగా పట్టింది. 2000 జులైలో సామాజిక రేడియో కోరుకునేవాళ్ళు పస్తాపూర్‌లో కూడి ఒక ప్రకటన చేశారు. 2002 చివర్లో విద్యాసంస్థలకు మాత్రమే దారి తెరుచుకుంది. 2004 ఫిబ్రవరిలో చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో తొలి కేంద్రం మొదలైంది. స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబరులో గానీ అవకాశం దక్కలేదు.

2008 అక్టోబరు 15, గ్రామీణ మహిళల అంతర్జాతీయ దినోత్సవం నాడు మాచనూరులో ప్రసారాలు మొదలయ్యాయి. ప్రారంభించింది ఆ తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే. కేంద్రాన్ని నడిపే బాధ్యత అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అనే ఇద్దరు యువతులు తీసుకున్నారు. పేరు ఒకటే కావడంతో ముందు మాటలతో గుర్తుపట్టడం అలవాటైంది. ప్రసార సమయం రాత్రి 7 నుంచి. పొద్దున పెట్టకపోవడానికి కారణం ఉంది. తెల్లవారగానే ఆడవాళ్ళు ఇంటిపని ముగించి కూలికో చేనుకో వెళ్తారు. పొద్దుగూకి ఇంటికొచ్చి, పొయ్యి వెలిగించాకే చెవికి తీరిక. రేడియో ఆ వేళకు తగ్గట్టు సర్దుకుంది. భాష కూడా అంతే. బీదరు పక్కనే ఉండడంతో కన్నడం, ఉర్దూ కలిసిన జహీరాబాద్ మాట అది. ఆకాశవాణి పలుకుకు అలవాటుపడిన చెవికి కొత్తగా ఉండొచ్చు గానీ, వినేవాళ్ళకు అది ఇంట్లో మాటే.

ఒక చిక్కు మాత్రం వదల్లేదు. సామాజిక రేడియో సొంతంగా వార్తలు, రాజకీయ విషయాలు ప్రసారం చేయకూడదని నిబంధన. ప్రసార సామర్థ్యం 100 వాట్లు, స్తంభం ఎత్తు 30 మీటర్లు దాటకూడదన్న పరిమితులు సరే, సాంకేతికమైనవి. వార్తల మీద నిషేధం వేరు. వాతావరణం, స్థానిక ఉత్సవాలు చెప్పొచ్చు. రేషన్ బియ్యం ఎందుకు రాలేదని అడిగితే అది సమాచారమా, వార్తా? ఊరికి పనికొచ్చే సంగతుల్లో సగం ఈ గీత మీదే ఉంటాయి. పక్క జిల్లాలో నకిలీ విత్తనం అమ్మిన సంగతి పత్రిక రాయొచ్చు, టీవీ చూపొచ్చు. ఆ విత్తనం కొని నష్టపోయిన రైతు తన ఊరి రేడియోలో చెప్పడానికి సందేహించాలా? ఈ నిబంధన అన్యాయమని నిష్కర్షగా చెప్పాలి.

వినేవాళ్ళ వేళ, వినేవాళ్ళ భాష అన్నవి దూరదేశంలో ఇంకా గట్టిగా ఎదురవుతాయి. కువైట్‌లో సుమారు 10 లక్షల మంది భారతీయులున్నారు. హవల్లీ, సాల్మియా వంటి చోట్ల వాళ్ళ ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాళ్ళలో రాజంపేట, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి, డ్రైవరు పనికి వెళ్ళిన తెలుగువాళ్ళు చాలామంది. 1951లో మొదలైన కువైట్ ప్రభుత్వ రేడియో 2024 ఏప్రిల్ 21న తొలిసారి హిందీ కార్యక్రమం మొదలుపెట్టింది. అదీ ఆదివారం రాత్రి 8.30 నుంచి 9 వరకు, పనివాళ్ళు గదికి చేరే వేళే. సముద్రం అవతల మన శ్రమకు ఒక అరగంట దక్కడం సంతోషమే. అది హిందీలో కావడంతో, పులివెందుల నుంచి వెళ్ళిన అమ్మకు ఆ అరగంటలో సగమే అందుతుందన్న బాధా ఉంటుంది.

మళ్ళీ మాచనూరు వైపు వస్తే, డీడీఎస్‌కు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కొర్ర, సామ, తైద గురించి దేశమంతా మాట్లాడుతున్న ఆ ఏడాదే మార్చి 19న పి.వి. సతీష్ 77 ఏళ్ళ వయసులో హైదరాబాదులో కన్నుమూశారు.