రూపాయి లెక్కలో కూలోడు ఎక్కడ?

రూపాయి మారకం అంటే బ్యాంకోళ్ల సంగతి, షావుకార్ల సంగతి అనే మాట మనలో పాతుకుపోయింది. చదువుకున్నోళ్లు కూడా దీన్నే వేరే రూపంలో బలపరిచారు. భారత ద్రవ్యవ్యవస్థ గురించి కీన్స్ 1913లో రాసిన పుస్తకానికి సిద్ధాంతమనే గౌరవం దక్కింది. అంబేడ్కర్ 1923లో లండన్‌లో అచ్చేసిన 'రూపాయి సమస్య' మాత్రం ఆయన జీవితచరిత్రలో ఒక డిగ్రీ పేరుగా మిగిలింది. ఆ పుస్తకాన్ని ఉరవకొండ లాంటి కరువు నేల మీద నిలబడి చదివితే అది మన పుస్తకమని తెలుస్తుంది.

1870లలో జర్మనీ, దాని వెనక మరికొన్ని దేశాలు బంగారు ప్రమాణానికి మారాయి. వెండి ధర పడిపోయింది. 2 షిల్లింగుల దగ్గరున్న వెండి రూపాయి 1892-93 నాటికి 15 పెన్నీలకు దిగింది. లండన్‌కు బంగారం లెక్కన 'హోం చార్జీలు' కట్టాల్సిన తెల్లదొరల ప్రభుత్వం ఇబ్బందిలో పడింది. 1893లో జనం తెచ్చిన వెండిని రూపాయిలుగా కొట్టడం టంకశాలల్లో ఆపేసింది. తర్వాత రూపాయిని 16 పెన్నీల దగ్గర నిలబెట్టింది.

దీని దెబ్బ ఎవరికి తగిలింది? 1876-78 కరువు నాటికి ఉరవకొండ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అప్పట్లో తులం వెండికి ఇంచుమించు ఒక రూపాయి. 1890ల చివరికి రూపాయి బరువు వెండి ఖరీదు 10 అణాలకు అటూఇటూ. అంటే సర్కారు రూపాయిని కాపాడింది, కాలి కడియాన్ని వదిలేసింది. సెంటు భూమి లేని మాల మాదిగల ఇండ్లలో పొదుపంటూ ఏదైనా ఉంటే అది ఆ కడియమే కదా!

కీన్స్ ఈ ఏర్పాటును మెచ్చుకున్నాడు. లోపల వెండి రూపాయి, కాగితం నోటు. బయటి చెల్లింపులకు బంగారంతో కట్టిన మారకం. ఖర్చు తక్కువ, సౌకర్యం ఎక్కువ అన్నాడు. అంబేడ్కర్ పద్ధతి వేరు. రూపాయి బంగారంతో ఎట్లా నిలిచింది అని కాదు, రూపాయికి సరుకు ఎంత వస్తుంది అని అడిగాడు. ఎన్ని రూపాయలు కొట్టాలో పాలకుల ఇష్టానికి వదిలితే ధరలు పెరుగుతాయని చరిత్ర తవ్వి చూపించాడు. అందుకే రూపాయిలు కొట్టడం ఆపి, బంగారు నాణెం చలామణీలోకి తేవాలన్నాడు. బంగారు నాణెం మనకు ఈనాటి పరిష్కారం కాదు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఈనాటిదే.

రూపాయి పడిపోతే ఎగుమతిదారుకు లాభమంటారు. ఆ లాభం విదేశం నుంచి ఊడిపడదన్నాడు అంబేడ్కర్. ధర పెరిగినంత తొందరగా కూలి పెరగదు. ఆ నడిమి తేడానే యజమాని లాభం. అంటే ఒకే దేశంలో కూలోడి సంచిలోది షావుకారు సంచిలోకి పోతుంది. 1925 డిసెంబరులో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూడా వ్యాపార వర్గాలను, సంపాదించి బతికే వర్గాలను విడదీసి మాట్లాడాడు. ఆ కమిషన్ సభ్యుడు పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ 18 పెన్నీల రేటు వద్దు, 16 పెన్నీలే కావాలని అసమ్మతి రాశాడు. జాతీయ ప్రయోజనం పేరుతో సాగిన ఆ వాదంలో కూలోడి సంగతిని లెక్కలోకి తెచ్చినవాడు అంబేడ్కర్. 1927లో చట్టం 18 పెన్నీలనే ఖాయం చేసింది.

1966 జూన్‌లో డాలరుకు 4.76 రూపాయలున్నది 7.50 అయింది. 1991 జూలైలో రూపాయి విలువను మళ్లీ తగ్గించారు. రెండుసార్లూ ఎగుమతుల మాటే ముందుకొచ్చింది. ఉరవకొండ చుట్టుపక్కల చేన్లలో శనక్కాయ పెరికిన ఆడకూలీల దినకూలి ఎన్ని శేర్ల బియ్యం కొన్నది, ఎన్నాళ్లకు ధరను అందుకున్నది? ఆ లెక్క మనమే తీయాలి. అంబేడ్కర్‌ను రిజర్వు బ్యాంకు పితామహుడని పొగడటం సులువు. ఆయన కొలబద్దను చేతికి తీసుకోవడమే మిగిలిన పని.