గోదావరి గట్టు మీద కంటి మట్టం

ఆరో తరగతి పిల్లాడి చేతికి పెన్సిలిచ్చి కాలువ గట్టు బొమ్మ వెయ్యమనండి. కాగితం ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకే ఎడంతో రెండు గీతలు గీస్తాడు. మధ్యలో నీలం పూస్తాడు. ఇవతలి గట్టు కొబ్బరిచెట్లను ఇటు, అవతలి గట్టు చెట్లను అటు పడుకోబెడతాడు. వాడు తప్పు చెయ్యలేదు. కాలువ వెడల్పు ఎక్కడైనా ఒకటేనని వాడికి తెలుసు. తెలిసిందే గీశాడు. తెలిసింది పక్కనపెట్టి కనిపించింది గియ్యడం వేరే విద్య. డ్రాయింగు మాస్టార్లు పర్‌స్పెక్టివ్ అనేది దాన్నే.

నాకు ఆ పాఠం నల్లబల్ల మీద జరిగింది. మాస్టారు అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద చుక్క పెట్టి, చుక్కలోంచి రెండు గీతలు కిందికి లాగి "ఇవి రైలు పట్టాలు" అన్నారు. అందరం దించుకున్నాం. మార్కులూ వచ్చాయి. ఆ చుక్క ఎవరిదో, అక్కడే ఎందుకుందో మాత్రం మాలో ఎవరం అడగలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక సాయంత్రం రాజమండ్రిలో పాత హేవలాక్ వంతెన మొదట్లో, గట్టు మీద నిలబడితే జవాబు దొరికింది. 56 ఖానాల వంతెన అది. ఒక్కో ఖానా 150 అడుగులు. కొలిస్తే అన్నీ ఒకటే. కంటికి మాత్రం మొదటి ఖానా కింద ఊరేగింపు నడిచిపోవచ్చు, ఇరవయ్యోది అగ్గిపెట్టె, అవతలి గట్టున కొవ్వూరు దగ్గరకొచ్చేసరికి స్తంభాలన్నీ కలిసి ఒక గీత. వంతెన పై అంచు దూరం వెళ్లేకొద్దీ కిందికి దిగుతోంది. స్తంభాల అడుగులు పైకి లేస్తున్నాయి. రెండూ కలవబోయేది సరిగ్గా నా కంటి ఎత్తులో. నాలుగు మెట్లు కిందికి దిగాను. ఆ కలిసే చోటు కూడా నాతోపాటు దిగింది. మాస్టారు పెట్టిన చుక్క బల్లది కాదు, పట్టాలదీ కాదు. చూసేవాడి కన్ను అది. ఈ ఒక్కమాట మాకు చెప్పి ఉంటే మిగతాదంతా మేమే గీసుకునేవాళ్లం.

ఆ వంతెన పని మొదలైన 1897లోనే చిత్రకారుడు దామెర్ల రామారావు రాజమండ్రిలో పుట్టారు. 1900లో దాని మీద రైళ్లు నడిచేనాటికి మూడేళ్లవాడు. మేనమామ అంకాల సుబ్బారావు దగ్గర బొమ్మలకు చెయ్యి తిప్పుకున్నారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా బొమ్మలు వేసే మనిషి. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు వంటి కుర్రాళ్లను దగ్గరకు తీసిన దొర ఆయన. రామారావు చేతిలోని పని చూసి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దారి చూపించారు. 1916లో అక్కడ చేరిన రామారావు 1920 దాకా చదువుకున్నారు.

ఆనాటి ప్రభుత్వ చిత్రకళాశాలల్లో చదువు ఇంగ్లండు పద్ధతి. కొయ్య దిమ్మెలు, స్తంభాలు, శంకువులు బల్ల మీద పేర్చి, వాటి అంచులు ఎటు వాలుతున్నాయో చూసి గియ్యాలి. తర్వాత ప్లాస్టర్ విగ్రహాలు, ఆ తర్వాతే మనుషులు. విసుగు పుట్టించే సాధనే. కానీ చేతికి పట్టు చిక్కేది.

అదే కాలంలో కలకత్తాలో ఇంకో గాలి వీచింది. యూరపు పర్‌స్పెక్టివ్ మనకెందుకు, అజంతా లేదా, మొగలు చిత్రాలు లేవా అని కళాగురువులు హావెల్, అవనీంద్రనాథ ఠాకూర్ అడిగారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ నేర్పింది ఆ దారే. బాపిరాజు ఆయన దగ్గర చిత్రకళ నేర్చారు. ఒకే దొర చేరదీసిన ఇద్దరు గోదావరి కుర్రాళ్లు అలా రెండు బడుల్లో తేలారు.

రామారావు తిరిగొచ్చి 1920ల మొదట్లో సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టారు. వరదా వెంకటరత్నం తోడు నిలిచారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. బొంబాయిలో నేర్చిన లోతును ఆయన పారెయ్యలేదు, దానికి బానిసా కాలేదు. పుష్పాలంకరణ వంటి చిత్రాల్లో మనుషులను మన ముందుకు తెచ్చేది రేఖ, ఆ ఒంపుల లయ. తూర్పు కనుమల్లో గోదావరిని వేసినప్పుడు దూరం కావాలి, అక్కడ దూరం ఉంది. తెలిసినవాడు వదిలేసిన గీత వేరు, తెలియనివాడికి రాని గీత వేరు. పిల్లలకు పర్‌స్పెక్టివ్ నేర్పాలని నేను పట్టుబట్టేది అందుకే.

1925 ఫిబ్రవరిలో మశూచి ఆయన్ను తీసుకుపోయింది. ఇరవై ఏడేళ్లు. బడిని వెంకటరత్నం చాలాకాలం నిలబెట్టారు. రామారావు బొమ్మలున్న చిత్రశాల రాజమండ్రిలో నేటికీ ఉంది. బడి పిల్లలను పుష్కర ఘాట్‌కు తీసుకొచ్చే మాస్టార్లు ఒక గంట అక్కడికీ తీసుకెళ్లాలి.

పర్‌స్పెక్టివ్ పూర్తిగా పరాయి విద్య అనుకోవడం కూడా సరికాదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం క్షయవృద్ధి గురించి చెబుతుంది. మనిషి పక్కకు తిరిగితే ఏ అవయవం తగ్గాలి, ఏది పెరగాలి అన్న లెక్క అది. ఫ్లోరెన్సులో వాస్తుశిల్పి బ్రునెలెస్కి చేసింది వేరే పని. అన్ని గీతలనూ ఒక కంటికి కట్టేశాడు. 1435లో అల్బెర్టీ ఆ సంగతిని పుస్తకంలో పెడుతూ బొమ్మను తెరిచిన కిటికీతో పోల్చాడు.

తరగతి గదికి ఆ కిటికీ చాలు. ఒక పిల్లను అద్దానికి మూరెడు దూరంలో కుర్చీలో కూచోబెట్టాలి. తల కదలకూడదు, ఒక కన్ను మూసుకోవాలి. బయట కనిపించే ప్రహరీగోడ పై అంచును, అడుగును స్కెచ్ పెన్నుతో అద్దం మీదే గియ్యమనాలి. ఒక గోడతో నేనిది చేయించినప్పుడు ఆ పిల్ల సగంలో చెయ్యి ఆపేసి, "గోడ తిన్నగానే ఉంది కదండీ, గీత ఏంటి కిందికి పోతోంది?" అంది. రెండు గీతల మీదా దారాలు సాగదీసి టేపుతో అంటించాం. రెండూ అద్దం మీద ఒకచోట కలిశాయి. అది ఆమె కంటి ఎత్తేనని స్కేలు అడ్డంపెట్టి చూపించాను. తర్వాత పొడుగ్గా ఉన్న పిల్లాణ్ణి అదే కుర్చీలో కూచోబెట్టాం. అద్దం మీద గోడ, బయటి గోడ కలవలేదు. "ఇది నా గోడ కాదండీ" అన్నాడు.

ఆ తర్వాతే ఆరుబయటకు వెళ్లాలి. డెల్టాకు మించిన డ్రాయింగు గది ఎక్కడుంది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు తవ్వాక ఈ నేలంతా పొడుగాటి గీతలే. కొండలున్న ఊళ్లో కంటి ఎత్తున ఉండే దిగంతం దాక్కుంటుంది, ఇక్కడ వరిచేల కొసన బట్టబయలుగా ఉంటుంది. చెయ్యి చాచి, పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, దగ్గరి కొబ్బరిచెట్టు పెన్సిలు మీద ఎంత వచ్చిందో బొటనవేలితో గుర్తు పెట్టుకోవాలి. పదో చెట్టు ఎంతో చూడాలి. మోచెయ్యి వంగితే లెక్క తప్పుతుంది, పిల్లలందరూ మొదట వంచుతారు. మళ్లీ చెయ్యి చాపించాలి.

డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై ఈ పని చెయ్యగలిగినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. డ్రాయింగు పీరియడును లెక్కలకో ఇంగ్లీషుకో ఇచ్చెయ్యకుండా వాళ్లకే వదిలి, వారానికోసారి పిల్లలను గట్టు మీదికి పంపితే చాలు.

అద్దం మీద గోడ గీసిన పిల్ల మరుసటి వారం కాలువ బొమ్మ తెచ్చింది. నీళ్లు కొసకు వెళ్లి సన్నబడ్డాయి, చెట్లు లేచి నిలబడ్డాయి. గట్టు మీద ఒక మనిషిని కూడా వేసింది. ఎవరమ్మా అంటే, "మా తమ్ముడండీ, నాకన్నా పొట్టి. అందుకే వాడి తల నా కంటి గీతకు కిందుంది" అంది.